చెవి వాటా, కంటి వాటా

పుట్టుకతోనే వినికిడి లేని మనిషి ఒకరు స్కానర్‌లో పడుకుని సైగల భాషలో పదాలు చూస్తున్నారు. మెదడులో ఏ మూలకు నెత్తురు ఎక్కువగా పారుతోందో యంత్రం లెక్కగడుతోంది. పని చెప్పింది కళ్లకు కనుక తల వెనకభాగాన ఉండే దృష్టి కేంద్రాలు చురుకెక్కడంలో విశేషం లేదు. కానీ కణతల లోపల, చెవులకు కాస్త పైన ఉండే శ్రవణ ప్రాంతం కూడా చురుకెక్కింది. అది శబ్దానికే రాసిపెట్టిన చోటని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయ వైద్యులు 1999లో ‘నేచర్’ పత్రికలో ఒకే ఒక్క పేజీలో ఈ సంగతి ప్రకటించారు. సైగల భాషను శ్రవణ ప్రాంతం ‘విన్నది’ అని శీర్షిక పెట్టి, విన్నది అనే మాటకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు తగిలించి జాగ్రత్తపడ్డారు.

అదే పరిశోధనలో ఇంకో మెలిక ఉంది. కోక్లియర్ ఇంప్లాంట్ ద్వారా మాటలు వినిపించినప్పుడు, శబ్దాన్ని మొట్టమొదట అందుకునే ప్రాథమిక శ్రవణ ప్రాంతం స్పందించింది. దాని చుట్టూ ఉండి, విన్న చప్పుడులోంచి మాటను పోల్చుకోవాల్సిన ప్రాంతం మాత్రం పెద్దగా కదల్లేదు. సైగకు పలికిన చోటు మాటకు పలకలేదన్నమాట. అప్పటి నుంచీ ఈ బొమ్మల చుట్టూ ఒక వాదం నడుస్తూనే ఉంది. అది ప్రయోగశాలల్లో ఆగి ఉంటే మనకు పట్టేది కాదు. ఆపరేషన్ చేయించిన బిడ్డతో ఎలా మాట్లాడాలో తెలియక తికమకపడే తల్లి దాకా వచ్చింది కనుకనే ఈ ప్రస్తావన.

ఇంప్లాంట్ సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కోక్లియాలో, శబ్దాన్ని నరానికి అందించే రోమకణాలు లోపలి వరసలో 3,500 దాకా ఉంటాయి. అవి పుట్టుకతోనే పనిచేయకపోయినా, తర్వాత చచ్చిపోయినా, మామూలు వినికిడి మిషన్ ఎంత గట్టిగా అరిచినా లాభం ఉండదు. ఇంప్లాంట్ ఆ కణాలను పక్కనబెట్టి, సన్నని తీగ మీద వరసగా అమర్చిన ఎలక్ట్రోడ్లతో నరాన్ని నేరుగా విద్యుత్తుతో తడుతుంది. 1977లో వియన్నాలో హోఖ్‌మైర్ దంపతులు, 1978 ఆగస్టులో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ ఇలాంటి పరికరాలను మనుషులకు అమర్చే దారి తెరిచారు. క్లార్క్ తండ్రి మందుల షాపు నడిపే ఫార్మసిస్టు, వినికిడి తక్కువ. మెలికలు తిరిగిన కోక్లియాలోకి తీగను దింపడమెలాగో తోచక, క్లార్క్ సముద్రపు ఒడ్డున ఒక గుల్లలోకి గడ్డిపోచ దూర్చి చూశాడట. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పోచ సులువుగా లోపలికి జారింది. ఇప్పటికీ ప్రధాన కంపెనీల పరికరాల్లో ఎలక్ట్రోడ్లు 12 నుంచి 22 దాకానే. మూడున్నర వేల కణాల పనిని ఇరవైరెండు చుక్కలతో నెట్టుకురావాలి. సంగీతం చెడిపోతుంది, హోటల్ గోలలో సంభాషణ మునిగిపోతుంది. అయినా ఆ కాసిని చుక్కల్లోంచి వేలమంది మాటను పోల్చుకుంటున్నారంటే, ఆ ఘనతలో పెద్ద వాటా మెదడుదే.

మరి ఆ మెదడును బొమ్మ తీయడమే ఒక తంటా. ఇంప్లాంట్‌లో భాగంగా చర్మం కింద ఒక అయస్కాంతం ఉంటుంది. ఎమ్మారై అంటేనే బ్రహ్మాండమైన అయస్కాంతం. రెండూ ఒకచోట చేరితే లోపలిది కదిలిపోవచ్చు, కదలకపోయినా బొమ్మలో సరిగ్గా శ్రవణ ప్రాంతం మీదే నల్లటి మచ్చ పడుతుంది. కొత్త పరికరాలు ఎమ్మారైని తట్టుకుంటున్నాయి, మచ్చ మాత్రం పోలేదు. తొలినాళ్ల పరిశోధనలు ఎక్కువగా పెట్ స్కాన్‌ను ఆశ్రయించింది అందుకే. రెండు నిమిషాలకు సగమైపోయే రేడియోధార్మిక ఆక్సిజన్‌ను నీటి రూపంలో రక్తనాళంలోకి ఎక్కించి, నెత్తురు ఎటు పోతోందో చూస్తారు. ఆ ఆక్సిజన్‌ను తయారుచేసే సైక్లోట్రాన్ పక్కనే ఉండాలి, ప్రయోగం గడియారం కంటే వేగంగా ముగియాలి. పైగా పసిపిల్లలకు పదేపదే రేడియేషన్ ఇవ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు. తలకు తీగలు తగిలించి చూసే ఈఈజీలో ఇంప్లాంట్ విద్యుత్తే మెదడు సంకేతాన్ని చాలాసార్లు ముంచేస్తుంది. చివరికి వెలుతురు దారి చూపింది. పుర్రె గుండా పరారుణ కాంతిని పంపి, తిరిగొచ్చిన కాంతిని బట్టి నెత్తుటిలో ఆక్సిజన్ ఎంతుందో లెక్కిస్తారు. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ చేరి, వేలికి తగిలించుకున్న ఆక్సిమీటర్‌ది కూడా ఇదే కిటుకు. అయస్కాంతం గొడవ లేదు, చప్పుడు లేదు, పిల్లవాడు అమ్మ ఒళ్లో కూర్చుని ఉండగానే పని అయిపోతుంది. కాకపోతే పైపొరలే కనిపిస్తాయి, లోతుకు వెళ్లదు.

ఒసాకా బొమ్మ వచ్చిన రెండేళ్లకు, 2001లో, సియోల్ నుంచి ఇంకో బొమ్మ వచ్చింది. భాష రాకముందే వినికిడి పోయినవారికి ఇంప్లాంట్ అమర్చే ముందు, మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజు వాడుకుంటోందో కొలిచారు. శ్రవణ ప్రాంతం ఎంత మేర మందకొడిగా ఉంటే, ఆపరేషన్ తర్వాత వారు అంత బాగా మాటలు గుర్తించారు. చెవిటితనం ఏళ్ల తరబడి సాగినవారిలో ఆ మందకొడితనం తగ్గింది. అక్కడేదో పని మొదలైంది. ఆ తర్వాత ఇంప్లాంట్ పెట్టినా ఫలితం అంతంతమాత్రం.

ఇక్కడే శాస్త్రంలోకి రియల్ ఎస్టేట్ భాష జొరబడింది. చెవి తాలూకు జాగా ఖాళీగా పడి ఉంటే పక్కింటి దృష్టి వచ్చి ఆక్రమించుకుందని, అసలు యజమాని వచ్చేసరికి చోటు లేకుండా పోయిందని అర్థం చెప్పుకున్నారు. కబ్జా అన్నమాట. మనకు ఎంత బాగా అర్థమయ్యే మాటో వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఊహ పరిశోధన పత్రాల నుంచి క్లినిక్కులకు, క్లినిక్కుల నుంచి థెరపీ గదులకు దిగేసరికి ఒక ఆజ్ఞగా మారింది. బిడ్డకు సైగలు అలవాటు చేయకండి, చేస్తే చెవి జాగాను కన్ను మింగేస్తుంది, లక్షలు పోసి పెట్టించిన మిషన్ దండగవుతుంది. దేశదేశాల్లో తల్లిదండ్రులు విన్న మాటే ఇది, మనవారూ విన్నారు.

మనవారి సంగతి ప్రత్యేకంగా ఎందుకంటే, ఇంప్లాంట్ తెలుగునాట సంపన్నుల ఇళ్లకే పరిమితం కాలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ ఆపరేషన్‌ను, దాని తర్వాతి వాక్ శ్రవణ థెరపీతో సహా పేద పిల్లల దాకా తీసుకెళ్లింది. కేంద్రం పథకం కూడా ఉంది. దానికి నోడల్ ఏజెన్సీ ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన పెద్దాయన పేరుతో ఉన్న ఆ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. కూలి పనులు మానుకుని, బిడ్డను చంకనేసుకుని, థెరపీ కోసం బస్సులు మారి పట్నం వచ్చే తల్లులు ఉన్నారు. వాళ్లతో ‘సైగ చేయొద్దు’ అంటే అది వాళ్లకు వేదవాక్కు. బిడ్డ చేయి చాచి నీళ్లు అడిగితే, చూసీ చూడనట్టు ఉండి నోటితో అడిగేదాకా ఆగడం ప్రేమలో భాగమని నమ్ముతారు.

ఆ ఆజ్ఞను స్కానర్ ఇచ్చిందా? సియోల్ పరిశోధన సైగలు వచ్చినవారినీ రానివారినీ విడదీసి ఇలాంటి నిషేధం చెప్పింది కాదు. వయసు పెరిగేకొద్దీ శ్రవణ ప్రాంతం చురుకెక్కుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంప్లాంట్ ఫలితం తగ్గుతుంది. రెండూ కలిసి నడిచినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమని తేలిపోదు. నిజానికి ఈ నిషేధం వయసు స్కానర్ కంటే చాలా పెద్దది. 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల విద్య మీద జరిగిన అంతర్జాతీయ మహాసభ, నోటి మాటే శ్రేష్ఠమని, బడుల్లో సైగలకు చోటు ఉండకూడదని తీర్మానించింది. ఓటు వేసినవారు దాదాపు అందరూ వినగలిగినవారే. ఆ తీర్మానాలను తోసిపుచ్చుతున్నామని, జరిగిన హానికి చింతిస్తున్నామని అదే మహాసభ చెప్పడానికి 2010లో వాంకూవర్ సమావేశం దాకా పట్టింది. అంటే మెదడు బొమ్మలు పుట్టేనాటికే తీర్పు తయారుగా ఉంది, సాక్ష్యం తర్వాత దొరికింది. రంగురంగుల స్కాన్‌కు ఉండే గౌరవం అటువంటిది. పాత అభిప్రాయమైనా దాని పక్కన నిలబడితే కొత్త శాస్త్రంలా మెరుస్తుంది.

ఆ కబ్జా కథ ఆ తర్వాతి పరిశోధనల్లో నిలవలేదు. ముందు పిల్లుల సంగతి. పుట్టుచెవిటి పిల్లులు ఓరగా, కంటి కొసన కనిపించేవాటిని మామూలు పిల్లుల కంటే బాగా పసిగడతాయి. మనుషుల్లోనూ అంతే. చిన్ననాటి నుంచి వినికిడి లేనివారికి చూపు అంచుల్లో ధ్యాస ఎక్కువని హెలెన్ నెవిల్ అమెరికాలో 1980ల్లోనే చూపించారు. స్టీఫెన్ లోంబర్ బృందం 2010లో ఆ పిల్లుల శ్రవణ ప్రాంతంలో ఒక చిన్న భాగాన్ని చల్లబరిచి తాత్కాలికంగా ఆపేసింది. వెంటనే ఆ అదనపు చూపు పోయింది. వేడెక్కగానే తిరిగొచ్చింది. అసలు ముచ్చట ఏమిటంటే, వినగలిగే పిల్లుల్లో ఆ భాగం చేసే పని, చప్పుడు ఎటువైపు నుంచి వచ్చిందో కనిపెట్టడం. చెవిటి పిల్లిలో కంటికి కనిపించేది ఎటువైపు ఉందో కనిపెడుతోంది. పని మారలేదు, పనికి వచ్చే సరుకు మారింది. ఆక్రమణదారుడు వచ్చి ఇల్లు కూల్చి షాపు కట్టుకున్న దాఖలా లేదిక్కడ.

మనుషుల మీద 2013లో లండన్ నుంచి వెలియా కార్డిన్ బృందం ప్రకటించిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. వినికిడి లేక సైగల భాష వచ్చినవారు, వినికిడి లేకపోయినా సైగలు నేర్వకుండా పెదవుల కదలిక మీద ఆధారపడి పెరిగినవారు, వినగలిగినవారు, ఇలా రకరకాల వారిని పోల్చి చూశారు. కుడివైపు శ్రవణ ప్రాంతంలో కనిపించిన మార్పు సైగలు రానివారిలోనూ ఉంది. అది శబ్దం అందకపోవడం వల్ల వచ్చిన మార్పు. ఎడమవైపున కనిపించింది భాష వల్ల వచ్చిన మార్పు. దీన్ని ఆ తల్లికి అర్థమయ్యేలా చెప్పాలంటే, బిడ్డ చేతులు కట్టేసినంత మాత్రాన ఆ జాగా ఖాళీగా ఎదురుచూస్తూ కూర్చోదు. సైగ నేర్పినా నేర్పకపోయినా కన్ను వస్తుంది. వచ్చిన కన్నుకు భాష దొరుకుతుందా లేదా అన్నదొక్కటే మన చేతిలో ఉన్నది.

ఇంతకీ కన్ను అక్కడ పరాయిదా? 1997లో జెమ్మా కాల్వర్ట్ బృందం నిక్షేపంగా వినగలిగే మనుషులకు, శబ్దం తీసేసి, మాట్లాడుతున్న ముఖాన్ని మాత్రం చూపించింది. వారి శ్రవణ ప్రాంతం మేలుకుంది. చెవులు బాగున్న మనందరి తలల్లోనూ కంటికి అక్కడ వాటా ముందునుంచే ఉందన్నమాట. రైల్లో ఎదుటివారి మాట సరిగ్గా అందకపోతే మనకు తెలియకుండానే వారి పెదవుల వంక చూస్తాం. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఇంప్లాంట్ పెట్టించుకున్నవారికి ఈ వాటా ఎంత అక్కరో తెలుగు మాటల్లోనే చూడొచ్చు. పాట, బాట, మాట. ఈ మూడూ అద్దం ముందు చప్పుడు లేకుండా పలికి చూడండి, పెదవుల మీద మూడింటికీ ఒకటే రూపం. కన్ను వాటిని విడదీయలేదు. ఇంప్లాంట్ మాత్రం బాగానే విడదీస్తుంది, ఎందుకంటే ప, బ, మ మధ్య ఉన్న తేడాను ఆ కొద్ది ఎలక్ట్రోడ్లు మోయగలవు. పాలు, తాలు, కాలు అన్నారనుకోండి, వ్యవహారం తిరగబడుతుంది. నాలుక ఎక్కడ తగిలిందన్న సన్నని తేడాను ఇంప్లాంట్ చెడగొడుతుంది. చూసే కన్ను ‘పా’ దగ్గర పెదవులు కలవడం చటుక్కున పట్టేస్తుంది. ఒకరికి రానిది ఇంకొకరికి వచ్చు. 2001లోనే ఆన్ లీస్ జిరో బృందం, పెద్దయ్యాక వినికిడి పోయి ఇంప్లాంట్ పెట్టించుకున్నవారిని కళ్లు మూసుకుని మాటలు వినమని స్కాన్ చేసింది. కళ్లు మూసి ఉన్నా తల వెనక దృష్టి కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఇంప్లాంట్‌తో గడిపిన కాలాన్ని బట్టి ఆ చురుకుదనం మారుతూ వచ్చింది. చెవి జాగాలోకి కన్ను వస్తే కబ్జా అన్నవారు, కంటి జాగాలోకి చెవి వెళ్లినప్పుడు ఏ కేసు పెడతారో.

2017లో నాటింగ్‌హామ్ నుంచి వచ్చిన ఫలితం అన్నిటికంటే ముఖ్యమని మా అభిప్రాయం. అక్కడి పరిశోధకులు పరారుణ కాంతి పద్ధతితో వినికిడి లేని పెద్దలను ఇంప్లాంట్‌కు ముందూ, ఆరు నెలలు వాడిన తర్వాతా చూశారు. పెదవుల కదలికకు శ్రవణ ప్రాంతం ఇచ్చే స్పందన ఎవరిలో పెరిగిందో, మాటలు ఎక్కువగా అర్థమైంది వారికే. ఆ ప్రాంతం శబ్దానికి ఇచ్చే స్పందన కూడా దానితోపాటే పెరిగింది. కన్ను ఎదిగితే చెవి తరుగుతుందన్న తక్కెడ లెక్క వారి మెదళ్లలో పనిచేయలేదు. వారు పెద్దలు కనుక, ఈ ఫలితాన్ని ఉన్నదున్నట్టుగా పసిపిల్లలకు అంటగట్టడం తగదు. కానీ పసిపిల్లల మీద నిషేధం పెట్టినవారు కూడా అంతటి నిష్ఠ పాటించి ఉంటే బాగుండేది.

గడువు మాటేమిటంటే, గడువు ఉంది. అందులో అనుమానం లేదు. పిల్లల మెదడు శబ్దానికి ఎంత త్వరగా స్పందిస్తుందో అమెరికాలో అను శర్మ బృందం ఈఈజీతో కొలిచింది. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ అందినవారిలో ఆ వేగం కొద్ది నెలల్లోనే తోటిపిల్లల స్థాయికి వచ్చింది. ఏడేళ్లు దాటినవారిలో చాలావరకు రాలేదు. కనుక పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష చేయించడంలో, ఆపరేషన్‌లో జాప్యం చేయమని ఎవరూ అనరు. కానీ అదే గడువు భాషకూ ఉంది. ఈ రెండో గడువును ఎవరూ అంతగా తలచుకోరు. పరీక్షకు, రిపోర్టుకు, అనుమతికి, ఆపరేషన్‌కు, మిషన్ స్విచాన్‌కు, ఆ తర్వాత చప్పుళ్లలోంచి మాటలు ఏరుకోవడానికి ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లలో బిడ్డ మెదడుకు అందే భాష ఏది? రేచల్ మేబెర్రీ 2002లో ‘నేచర్’లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పసితనంలో సైగల భాష దొరికిన బధిరులు తర్వాత ఇంగ్లిషును కూడా ఇతర భాషలవాళ్లు నేర్చుకున్నంత బాగా నేర్చుకున్నారు. పసితనంలో ఏ భాషా సరిగ్గా అందనివారు వెనకబడిపోయారు. మొదటి భాష రెండో భాషకు అడ్డురాలేదు, పునాది అయింది. ఆమె తర్వాతి స్కాన్లలో, ఆలస్యంగా సైగలు నేర్చినవారికి భాషకు సంబంధించిన ఎడమవైపు ముందు భాగం అంత గట్టిగా పనిచేయడం లేదని, వెనకనున్న దృష్టి ప్రాంతం ఎక్కువ శ్రమపడుతోందని కనిపించింది. మెదడులో మిగిలిపోయే లోటు అంటూ ఉంటే, అది ఇది.

ఎదుటి పక్షం మాటా చెప్పాలి. సైగలు లేకుండా పెరిగిన ఇంప్లాంట్ పిల్లలే నోటి మాటలో ముందున్నారని 2017లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. వెంటనే దానికి జవాబులూ వచ్చాయి. ఆ పిల్లల ఇళ్లలో తల్లిదండ్రులకే సైగలు అరకొరగా వచ్చు, అరకొర భాషతో పోలిక ఏమిటని అడిగారు. బధిర తల్లిదండ్రులకు పుట్టి, ఊయలలోనే సైగల భాష నేర్చి, తర్వాత ఇంప్లాంట్ పొందిన పిల్లలు ఇంగ్లిషులో వినగలిగే పిల్లలకు తీసిపోలేదని 2014లో ఇంకో చిన్న అధ్యయనం చెప్పింది. కానీ బధిరులైన పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. సైగల భాష ఆ తల్లికి కూడా కొత్తే. ఆమె ముందు నేర్చుకోవాలి, తర్వాత బిడ్డకు నేర్పాలి, ఈలోగా ఇంటి పని, పొలం పని చూసుకోవాలి. చిక్కంతా అక్కడుంది. దాన్ని ఏ స్కానరూ తీర్చదు.

కొంతైనా తీర్చగలిగేది ఒకటి ఉంది. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాల వీడియో నిఘంటువు తెచ్చింది. 2021 నాటికి అది 10,000 పదాలకు పెరిగింది. సెల్‌ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. ఇంప్లాంట్ ఆపరేషన్‌కు ముందు తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పే నాలుగు మాటల్లో దీన్నీ ఒకటిగా చేర్చడానికి, ‘మీకు వీలైతే ఇదీ నేర్చుకోండి, దీనివల్ల మిషన్ పాడవదు’ అనడానికి ఆరోగ్యశ్రీ ట్రస్టులకు కొత్త బడ్జెట్ అక్కర్లేదు, బహుశా జీవో కూడా అక్కర్లేదు.